వంతు తప్పిన రోజు

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే ప్రింటింగ్ ప్రెస్‌కి ప్రూఫులు దిద్దుతానని చెబుతాను. అది కడుపు నింపే పని. మనసు నింపే పని ఇంకోటి ఉంది. దాని సంగతి చెబితే జనం నన్ను ఎగాదిగా చూస్తారు. బల్ల మీద ఆడుకునే ఆటల గురించి ఇంటర్నెట్‌లో ఒక వికీ ఉంది, ఎవరైనా రాసి దిద్దొచ్చు. పాచికలు, పేకలు, గళ్ల అట్టలు, అలాంటివి. అందులో ప్రతి ఆట పేజీకీ కుడిపక్కన ఒక సమాచారపెట్టె ఉంటుంది. ఆట పేరు, తయారుచేసినవాళ్లు, ఎంతమంది ఆడొచ్చు, ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ పెట్టెకి అచ్చు ఒక్కచోటే ఉంటుంది. దాన్నే మూస అంటాం. మూసలో ఒక్క ముక్క మారిస్తే రెండు వేల పేజీల్లో మారిపోతుంది. ఆ మూసల్ని చూసుకునేది నేను. జీతం లేదు, బత్తెం లేదు, తిట్లు మాత్రం పుష్కలంగా దొరుకుతాయి.

నాతోపాటు ఆ పని చేసేది ఇంకొక్కరే. ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన పెద్దాయన. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. యాభై దాటిన నన్ను అమ్మాయ్ అనేవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి. ఒకే ఊళ్లో ఉంటాం, రెండు బస్సులు మారితే ఆయన ఇల్లు. అయినా ముఖాముఖి ఒక్కసారి కూడా చూసుకోలేదు. వచ్చే ఆదివారం వెళ్దాం, ఆపై ఆదివారం వెళ్దాం అనుకుంటూనే నాలుగేళ్లు గడిపేశాను. ఆయనా ఒంటరే, నేనూ ఒంటరిదాన్నే. రోజూ నన్ను పలకరించే మనిషి ఆయనొక్కడే.

ఒకసారి ఆయన స్నానాలగదిలో జారిపడ్డాడు. తుంటి బెణికి, ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే పడి ఉన్నాడు. ఎలాగో పాకుతూ బయటికొచ్చాడట. అప్పట్నుంచీ ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఆ తర్వాత ఒకరోజు ఆయనే రాశాడు.

"అమ్మాయ్, మనం పోతే పదిరోజుల దాకా ఎవరికీ తెలీదు. ఒక ఏర్పాటు చేసుకుందాం."

మూసల్ని పరీక్షించుకోవడానికి మాకు ఒక ప్రయోగశాల పేజీ ఉంది. అందులో 'నమూనా ఆట' అని ఉత్తుత్తి ఆట ఒకటి పెట్టుకున్నాం. దాని పెట్టెలో 'వంతు' అని ఒక గడి చేర్చాం. పొద్దున్నే ఆయన ఆ గడిలో 'అమ్మాయి' అని రాయాలి. అంటే ఆయన బాగున్నాడు, ఇక వంతు నాది. సాయంత్రం ఆరింటికి నేను 'బాబాయి' అని మార్చాలి. ఎవరైనా వంతు తప్పితే రెండోవాళ్లు ఫోన్ చెయ్యాలి. ఫోన్ ఎత్తకపోతే మనిషి వెళ్లి చూడాలి. అంతే నియమం. రెండేళ్లు చక్కగా నడిచింది.

తర్వాత నాకు అతి తెలివి పుట్టింది. ప్రెస్‌లో పని ఎక్కువై రెండు సాయంత్రాలు మర్చిపోయాను. రెండుసార్లూ ఆయన ఫోన్ చేసి చీవాట్లు పెట్టాడు. పోనీలే, నా వంతు మూసే చూసుకుంటుందని మూసలో ఆ గడికి చిన్న షరతు రాశాను. సాయంత్రం ఆరు దాటితే 'బాబాయి' అని చూపించాలి. మూసలో షరతు రాస్తే 'లేకపోతే ఏం చూపించాలి' అన్నది కూడా రాయాలి. ఆలోచించకుండా అక్కడ 'అమ్మాయి' అని పెట్టేశాను. ఎలాగూ పొద్దున ఆయన రాసేది అదేగా అనుకున్నాను.

కొరివితో తల గోక్కున్నానని అప్పుడు తెలీలేదు. పేజీలో ఎవరేం రాసినా, రాయకపోయినా, పైకి కనిపించేది మూస చెప్పిందే. ప్రతి పొద్దున్నా తెర మీద 'అమ్మాయి' కనిపించేది. బాబాయి బాగున్నాడనుకుని కాఫీ తాగేదాన్ని. ప్రెస్ పని మీద పడి కబుర్లు కూడా తగ్గాయి. ఆయనా మాట్లాడట్లేదే అనిపించింది గానీ, అలిగాడేమో, వారం పోతే తనే వస్తాడులే అనుకున్నాను.

ఒకరోజు ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"మూస అమ్మాయి అంటే మీరేనాండీ? మామయ్య ఫోన్లో మీ పేరు అలా ఉంది. నేను ఆయన మేనకోడల్ని."

తలుపు పగలగొట్టి తీశారట. ఆయన పోయి పదకొండు రోజులైందట.

ఫోన్ పెట్టేసి ప్రయోగశాల తెరిచాను. గడిలో 'అమ్మాయి' అని నిక్షేపంలా ఉంది. అప్పుడు చూశాను పేజీ చరిత్ర. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరుసగా ఉంటుంది అందులో. పదకొండు రోజుల కిందట, పొద్దున ఆరున్నరకి, ఆయన చివరి మార్పు. ఏం మార్చారో ఒక్క ముక్కలో రాసే చోట ఇలా రాసి ఉంది: "గుండెల్లో నొప్పిగా ఉంది. ఫోన్ పక్కగదిలో ఉంది, లేవలేకపోతున్నా. ఒకసారి రాగలవా అమ్మాయ్."

నేను దాన్ని చూడలేదు. తెర మీద అంతా సరిగ్గానే ఉందిగా, చూడాల్సిన పనేముంది నాకు. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. నా చేతులతో చంపినట్టే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ షరతు మొత్తం పీకేశాను. గడి ఖాళీ చేశాను.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ పేజీ తెరిచాను.

'వంతు: అమ్మాయి.'

పాత కాపీ చూపిస్తోందనుకున్నాను. అది మామూలే. మూస మార్చినా కొన్నిసార్లు పాతదే కనిపిస్తుంది. పేజీని తాజా చేశాను. మారలేదు. మూస తెరిచి చూస్తే షరతు లేదు. చరిత్రలో నా మార్పు తర్వాత ఏ మార్పూ లేదు. గడిలో మాత్రం ఆ మాట ఉంది.

సాయంత్రం ఆరింటికి 'బాబాయి' అని మార్చాను. మర్నాడు పొద్దున మళ్లీ 'అమ్మాయి'. ఆ మర్నాడూ అంతే. ఎవరికి చెప్పుకుంటాను? చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ ఆయనే కదా. నిజం దాచడమెందుకు, వారం తిరిగేసరికి భయం తగ్గింది. ఎవరో ఒకరు పొద్దున్నే నేను ఉన్నానా లేనా అని చూస్తున్నారు. అది చాలనిపించింది. ఇరవై రోజులు ఒక్క వంతు కూడా తప్పలేదు.

ఆ తర్వాత తుపాను వచ్చింది.

మధ్యాహ్నానికే కరెంటు పోయింది, ఇంటర్నెట్టూ పోయింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఆరైంది. ఏడైంది. ఫోన్లోంచి ప్రయత్నించాను, పేజీ తెరుచుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారింది గానీ వెలుతురు రాలేదు. వాన ఆగలేదు. గోడల్లోంచి చెమ్మ వాసన. వంటగదిలో కుళాయి చుక్కచుక్కగా కారుతున్న చప్పుడు. గడియారం చూసుకోకూడదనుకుంటూనే చూసుకుంటున్నాను.

నాలుగింటికి ఫోన్ మోగింది. రెండు శాతం చార్జింగే ఉంది. తెర మీద పేరు చూశాను.

బాబాయి.

మేనకోడలై ఉంటుంది... అంతే అయి ఉంటుంది. ఆ నంబరు ఆపించేశామని పోయిన వారమే చెప్పిందిగా మరి... ఎత్తలేదు. ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగుతూ మోగుతూ ఫోన్ ఆరిపోయింది.

ఫోన్ అయిపోయింది. ఇక మిగిలింది మనిషి రావడం.

తలుపు తాళం వేసే ఉంది, చూసుకున్నాను. గడియ పెడదామంటే చెమ్మకి ఉబ్బిపోయి కదల్లేదు. లోపలి గదిలోకి పోయి మంచం మీద ముడుచుకుని కూర్చున్నాను. దుప్పటి తల మీదుగా కప్పుకున్నాను. ఎంతసేపు గడిచిందో తెలీదు.

మెట్ల మీద చప్పుడు.

ఒక అడుగు... తర్వాత ఈడుస్తున్న చప్పుడు... ఒక అడుగు... మళ్లీ ఈడుస్తున్న చప్పుడు. మా మెట్లు ఇరవై రెండు. ఒక్కొక్కటే ఎక్కాడు. తలుపు ముందు ఆగాడు. మెల్లగా తట్టాడు, పక్కవాళ్లకి ఇబ్బంది అవుతుందేమో అన్నట్టు.

"అమ్మాయ్..." గొంతు చాలా చిన్నగా ఉంది. "ఉన్నావా?"

దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాను. ఆయన పిలిచినప్పుడు నేను వెళ్లలేదు. నేను పిలవకపోయినా ఆయన వచ్చాడు... ఆ తుంటితో... ఆ వానలో. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, అయినా కాలు కదల్లేదు.

"అమ్మాయ్..."

తర్వాత ఏమీ లేదు. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించిందా, వాన చప్పుడా... చెప్పలేను.

గదిలో పూర్తిగా చీకటి పడ్డాక మళ్లీ ఎవరో తలుపు బాదారు. ఈసారి గట్టిగా. గొంతు గుర్తుపట్టాను, కింద ఉండే ఇంటావిడ. ప్రాణం లేచొచ్చింది. దుప్పటి పక్కన పడేసి, చేత్తో గోడ తడుముకుంటూ ముందుగదిలోకి వచ్చాను.

"ఏమ్మా, పడుకున్నావా?" అంది తలుపు అవతల్నుంచి. "మీ బాబాయి వచ్చాడుగా, పాపం తడిసి ముద్దయిపోయాడు. 'మా అమ్మాయి ఫోనెత్తట్లేదు, తలుపు తియ్యట్లేదు, పడిపోయిందేమో' అని కిందికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకూ భయమేసి, నా దగ్గరున్న నీ రెండో తాళంచెవి ఇచ్చాను. అది మళ్లీ నాకు ఇచ్చెయ్ తల్లీ, ఎక్కడో పెట్టి మర్చిపోతావు."

"ఆయన... ఎప్పుడు వెళ్లిపోయాడండీ?" అన్నాను. రెండోసారి గట్టిగా అడగాల్సి వచ్చింది.

"వెళ్లడమేమిటి? తాళంచెవి తీసుకుని మళ్లీ పైకొచ్చాడు. కరెంటు లేదని నేను సాయంత్రం నుంచీ మెట్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఆ తర్వాత ఎవరూ దిగలేదే. నీ దగ్గరే ఉన్నాడనుకున్నా. ముందు తలుపు తియ్యమ్మా, దీపం తెచ్చాను."

తలుపు కిందినుంచి ఆవిడ దీపం వెలుగు సన్నగా లోపల పడుతోంది. తాళం తీద్దామని చెయ్యి పెట్టాను. వేళ్లకి చల్లగా ఏదో తగిలింది. వంగి చూశాను.

ఇంటావిడ తాళంచెవి, ఎర్ర దారం కట్టి ఉంది దానికి. తలుపుకి లోపలివైపు నుంచి తాళంలో పెట్టి ఉంది. దారంలోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.