చెయ్యి కాలేదాకా

మిల్లు సైరన్ మోగగానే అబ్రహాం లేచి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటుంటే గానీ గుర్తురాలేదు, తనకిక మిల్లుతో పనిలేదని. గుర్తొచ్చాకైనా చొక్కా విప్పాడా అంటే అదీ లేదు. అలాగే వచ్చి వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

"ఏందే గింత సన్న మంట? అన్నం ఎప్పుడుడుకాలె?"

"ఇవి నీ మిల్లు వడ్లు కాదయ్యా, మనింటి బియ్యం. జర అవతలికి జరుగు," అంది భార్య అన్నమ్మ. "ఇల్లును గూడ మిల్లు చేస్తున్నవ్."

మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ముందు జీవితం గడిపిన మనిషి అబ్రహాం. ఊక ఎగదోసి మంట లేపడం, ఆవిరి పడిపోకుండా చూడడం, కాగిపోయిన గొట్టాల తిప్పుళ్ళను ఉత్త చేతులతో తిప్పడం, ఇదే పని. ఈమధ్యే యజమాని కొత్త బాయిలర్ తెప్పించాడు. వేడి పెరిగితే దాని మంట దానంతటదే తగ్గిపోతుందట. ఇంకేముంది, అబ్రహాం మెడలో దండవేసి, శాలువా కప్పి, దండం పెట్టి ఇంటికి పంపించారు.

అప్పటి నుంచీ ఆయన్ని ఇంట్లో ఏ పనికీ ఎవరూ పిలవలేదు. కొడుకు పౌలు బడిపంతులు. పొద్దున పోతే సాయంత్రం వస్తాడు. అన్నమ్మకు తన వంటిల్లు తనకు చాలు. పిలవకపోయినా వచ్చి పొయ్యి ముందు నిలబడే ఆ మనిషిని చూస్తే కోడలు శాంతకుమారికి జాలేసేది.

శాంతకుమారిది కోదాడ. కాఫీ లేనిదే తెల్లారని ఇంట్లో పుట్టి, చాయ్ తప్ప ఇంకోటి ఎరగని ఇంట్లో పడింది. కోదాడలో చుట్టాల పెళ్ళిలో బుస్సుమంటూ నురగలు కక్కిన ఎస్‌ప్రెస్సో కాఫీ తాగొచ్చినప్పుడు, మనింటికీ చిన్న మిషన్ ఒకటి కొందామని పౌలు మాటిచ్చాడు. ఆ మాట ఇప్పుడు ఆమె పట్టుకుంది.

"సూర్యాపేటలో దొరుకుతాయంట. కానీ మామయ్య వస్తేనే నేను వస్తా," అంది మొగుడితో. "ఆవిరి సంగతి మన ఇంట్లో ఆయనకే కదా తెలిసింది."

అబ్రహాం వినీ విననట్టు గోడ వైపు చూశాడు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం అందరికన్నా ముందున్నాడు.

సూర్యాపేట దుకాణంలో రకరకాల మిషన్లున్నాయి. కరెంటుతో నడిచేది ఒకటి ఉంది. "మా గల్లీల బల్బే మూలుగుతది, ఇదేం నడుస్తది," అని అబ్రహాం దాన్ని పక్కన పెట్టేశాడు. తళతళలాడే ఇత్తడి పెద్ద మిషన్ ఒకటుంది, నెత్తిన రెక్కలు చాచిన గద్దతో సహా. దాని చుట్టూ ఆయన రెండుసార్లు తిరిగాడు.

"అది పెళ్ళిళ్ళకు, మామయ్యా. ఇంట్లో నలుగురికి అంత నీళ్ళు ఎప్పుడు కాగుతాయి?" అంది శాంతకుమారి మెల్లగా.

చివరికి గ్యాసు పొయ్యి మీద పెట్టుకునే చిన్న స్టీలు మిషన్ ముందు ఆయన గొంతుక్కూర్చున్నాడు. వేలితో కొట్టి చూశాడు. మూత మర తిప్పి చూశాడు. "మీటరున్నది. ఆవిరెక్కువైతే వదిలేటందుకు వాల్వున్నది. పానానికి భయం లేదు. ఇదే తీస్కుందాం బిడ్డా."

దుకాణదారు దాన్ని పొయ్యి మీదికెక్కించి చేసి చూపించాడు. "నీళ్ళు సలసల తెర్లి దిగితే పొడి మాడిపోతది. మీటరు ముల్లు పచ్చ గీత మీదికి రాంగనె మంట తగ్గించాలె. ఎర్ర గీత దాకా పోయిందా, అది కాఫీ కాదు, కషాయం. పాల సంగతి ఇంకా నాజూకు. జగ్గుకు అరచెయ్యి ఆనించి ఉంచున్రి. చెయ్యి కాలి, ఇగ పట్టలేననిపించంగనె ఆవిరి బంద్ చెయ్యాలె. ఆ తర్వాత పాలల్ల తీపి ఉండది."

ఆవిరి గొట్టం పాలల్లో మునిగింది. సన్నగా ఈల వేసింది. చూస్తుండగానే పాలు మెత్తటి వెన్నలా పొంగి జగ్గు అంచుకొచ్చి ఆగాయి. అబ్రహాం ఊపిరి బిగబట్టి చూశాడు. ఆవిరంటే ఆయనకు తెలిసింది ఉరుమే. పుట్లకు పుట్లు వడ్లను ఉడికించే రాక్షసి. అది ఇంత నెమ్మదిగా పాలను ముద్దాడుతుందని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు.

"యేసయ్యా," అన్నాడు. "ఆవిరికి గింత మెత్తదనం గూడ ఉంటదా!"

ఇంటికి రాగానే శాంతకుమారి మిషన్‌ని ఆయన చేతిలో పెట్టింది. "ఇది మీదే మామయ్యా. మేం తాగేవాళ్ళమే."

ఆ మాటకు ఆ ముసలాయన ముఖం ఎలా వెలిగిందో చూడాలి! ఆ పూటే హుకుం జారీ చేశాడు, మిషన్ ఎవరూ ముట్టొద్దని. మల్లెపువ్వులాంటి గుడ్డ తెచ్చి తుడిచేవాడు. ముల్లు పచ్చ గీత దాటనిచ్చేవాడు కాదు, అది మాత్రం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

అయినా కాఫీ కుదరలేదు. పాలు ప్రతిసారీ మాడు వాసన వేసేవి. నురగ విరిగి నీళ్ళలా పరుచుకునేది. శాంతకుమారి గుటకలు మింగింది, అన్నమ్మ పెరట్లో మొక్కకు పోసినంత పని చేసి ఊరుకుంది.

"మామయ్యా, పాలు కొంచెం ముందే ఆపితే?"

"సెయ్యి ఆనిచ్చే సూస్తున్న బిడ్డా. ఇంకా కాలలె."

"ఆయన పంతం ఆయనది," అన్నాడు పౌలు రుసరుసలాడుతూ. "ఎక్కువ మరిగితేనే మర్యాద అనుకుంటడు."

ఆదివారం ఆరాధన అయ్యాక అబ్రహాం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. పాస్టరు అయ్యగారితో పాటు సంఘమంతా వచ్చింది. ప్రార్థన తర్వాత చాయ్ కాదు, ఎస్‌ప్రెస్సో కాఫీ అని అప్పటికే గల్లీ గల్లీకి తెలిసిపోయింది. వంటింట్లో మిషన్ బుస్సుమంటుంటే పాట పాడుతున్న పిల్లల తలలు అటే తిరిగాయి. అబ్రహాం ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

మొదటి గ్లాసులు బయటికెళ్ళాయి. అయ్యగారు ఒక గుక్క తాగి, గ్లాసు మెల్లగా చాప పక్కన పెట్టారు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ పెట్టేశారు. "పాలు మాడినయ్ గదా," అని ఎవరో గుసగుసలాడారు. పౌలుకు తల కొట్టేసినట్టయింది. విసురుగా వంటింట్లోకి వచ్చాడు.

"సాలు నాయినా! పదిమందిల ఇజ్జత్ తీసినవ్. రేపటి సంది శాంత చేస్తది. నువ్వు ముట్టకు. పోయి మూలకు కూసో!"

అబ్రహాం చేతిలో పాల జగ్గు ఉంది. ముఖం పాలిపోయింది. మిల్లులో దండ వేసినప్పుడు కూడా ఆయన అలా కాలేదు.

"నేనేం తప్పు చేసిన్రా? సెయ్యి కాలంగనె బంద్ చేద్దామనే పట్టుకున్న. ఇంకా కాలలె. ఇగో, ఇప్పటికీ కాలలె."

"అబద్ధం! పొగలు కక్కుతున్నది కనబడ్తలేదా?"

"మీరు ఆగండి," అంటూ శాంతకుమారి మధ్యలోకొచ్చింది. "ఇటివ్వండి మామయ్యా." ఆయన అరచేతిలో పట్టుకున్న జగ్గును తన రెండు చేతులతో అందుకుంది.

"అమ్మో!" జగ్గు జారి దబ్బున పడింది. పాలు వంటింటి నిండా పారాయి. ఆమె చేతులు ఊదుకుంటూ మామగారి వైపు చూసింది. ఇంతసేపూ దాన్ని పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి కనురెప్ప కూడా కదపలేదు.

ఆమెకు అర్థమైంది.

"మామయ్యా, మీ చేతులకు వేడి తెలియట్లేదా?"

అబ్రహాం తన అరచేతులను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. చెప్పు అడుగుల్లా గట్టిబడి, గీతలన్నీ చెరిగిపోయి ఉన్నాయి. "వేడి లేదనే అనుకున్న," అన్నాడు.

అన్నమ్మ గబగబా వచ్చి ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. గట్టిగా నొక్కింది. "ఇదన్న తెలుస్తున్నదా? నేను పట్టుకున్న సంగతి?"

ఆయన ఆమె ముఖంలోకి చూసి తల దించుకున్నాడు.

"నువ్వు పట్టుకున్నవని కండ్లతోని తెలుస్తున్నది."

అన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎప్పుడు చెయ్యి పట్టుకున్నా కట్టెలా ఉంటాడని, ప్రేమ లేదని ఎన్నిసార్లు ఏడ్చిందో ఆమెకే తెలుసు. పౌలు పాల మడుగులోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు బళ్ళో, మా నాయిన చేతులను నిప్పు కూడా ఏమీ చేయలేదని గొప్పలు చెప్పుకున్న పిల్లాడు వాడు. ఆ గొప్ప వెనకాల ఏం పోయిందో ఇవాళ కంటి ముందుంది. ఆ చేతులను వాడు తాకడానికి కూడా జంకాడు, ఆరాధనలో ప్రభువు బల్ల మీది రొట్టెను తాకినట్టు మెల్లగా తాకాడు.

"తప్పయింది నాయినా. నోరు జారిన. రేపే దవాఖానకు పోదాం."

"లెవ్వురా, బట్టలు ఖరాబయితయ్," అన్నాడు అబ్రహాం. "మిషన్ శాంతకే ఇయ్యి. నా చేతులు ఇగ పనికిరావు."

"నేను తీసుకోను," అంది శాంతకుమారి. కళ్ళు తుడుచుకుంటూనే మిగిలిన పాలు ఇంకో జగ్గులో పోసింది. "పొయ్యి పని మీదే, మీటరు చూడడం మీదే, ఆవిరి తిప్పడం మీదే. పాలు ఎంత కాగాయో చెప్పడానికి అత్తమ్మ చెయ్యి ఉంది. బయట అందరూ కూర్చునే ఉన్నారు, కానివ్వండి."

అబ్రహాం మళ్ళీ పొయ్యి ముందు నిలబడ్డాడు. అన్నమ్మ పక్కన నిలబడి జగ్గుకు అరచెయ్యి ఆనించింది. ముల్లు పచ్చ గీత మీదికొచ్చింది, మంట తగ్గింది, ఆవిరి ఈల వేసింది. ఆయన పాల వైపు చూడలేదు. భార్య ముఖం వైపే చూస్తున్నాడు.

"సాలయ్యా!"

అనీ అనగానే తిప్పుడు మూసేశాడు. జన్మలో ఎవరు చాలన్నా ఆగని మనిషి!

జగ్గులో పాలు తెల్లగా, నున్నగా, కదిలీ కదలకుండా నిలిచాయి. బయటికెళ్ళిన గ్లాసులు ఈసారి ఖాళీగా తిరిగొచ్చాయి. "అబ్రహామూ, ఇది ఇంటి కాఫీయేనా?" అని అయ్యగారు గుమ్మం దాకా వచ్చి అడిగారు.

ఆ మాట అబ్రహాం చెవిన పడలేదు. ఆయన అన్నమ్మ అరచెయ్యి తిప్పి చూస్తున్నాడు. జగ్గు ఆనిన మేర ఎర్రగా కంది ఉంది. బిందెలో చెంబు ముంచి, ఆ చేతి మీద చల్లటి నీళ్ళు సన్నగా ధార కట్టి పోశాడు.

"మండుతున్నదా?"

"జర మండుతున్నది. గంతే."

"రేపటి సంది ఇంకొంచెం ముందే సెప్పు," అన్నాడు, నీళ్ళు పోస్తూనే. "పాలు సల్లగున్నా ఫర్వాలేదు. నీ చెయ్యి నా చెయ్యోలె కావొద్దు."