నాయనకు వేసిన ఆకు

మా బడి ఆఫీసులో జూన్ నెలంతా నా పని ఒకటే. కొత్తగా చేరే పిల్లల పేర్లు రాయడం, పక్క గడిలో వాళ్ళ తండ్రుల పేర్లు రాయడం. ఇప్పటికి కొన్ని వేలమంది తండ్రుల్ని రాసుంటాను. నా సర్టిఫికెట్లో మాత్రం ఆ గడిలో ఒక అడ్డగీత ఉంటుంది. నాకొచ్చిన రెండు సంబంధాలూ ఆ గీత దగ్గరే వెనక్కి మళ్ళాయి. నలభై ఒకటో ఏట పెళ్ళి మీద ఆశ లేదు గాని, ఆ గీత మీద కోపం ఇంకా చావలేదు.

మా అమ్మ అంజమ్మ మదనపల్లె టమోటా మార్కెట్లో బుట్టలు మోసి నన్ను చదివించింది. నాయన ఎవరంటే నోరు విప్పేది కాదు. ఏటా మహాలయ అమావాస్యకు చనిపోయిన పెద్దలకు ఆకులు వేసి అన్నం పెట్టేటప్పుడు పోరు పెట్టేదాన్ని.

"నాయనకు గూడా ఒక ఆకు వెయ్యి మ్మా."

"ఆయప్ప ఉండాడో లేడో నాకు తెలీదు. సచ్చినాడని గట్టిగా తెలీకుండా ఆకు ఏసి పిలవగూడదు. పిలిస్తే రావాల్సొస్తాది."

అన్నింటికీ ఒక శాస్త్రం చెబుతావని నవ్వేదాన్ని. పోయిన చలికాలంలో అమ్మ పోయింది. అడగడానికి ఇక ఎవరూ లేరు.

అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. ఉమ్మి పంపితే రక్తసంబంధీకుల్ని చూపించే పరీక్ష ఒకటి ఉందంటే చేయించుకున్నాను. ఒక పేరు వచ్చింది. ముద్దుకృష్ణ, ఊరు కుప్పం. తల్లులు వేరు, తండ్రి ఒకడే కావచ్చని రాశారు. అమ్మ పేరూ నా నంబరూ పెట్టి అతనికి మెసేజి పంపాను. మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. ఆస్తికోసం వచ్చాననుకున్నాడేమో.

ఓపిక నా జాతకంలోనే లేదు. ఆదివారం బస్సెక్కి పుంగనూరు పోయాను. వయసులో అమ్మతో కూలికి పోయిన పార్వతమ్మ అక్కడ ఉంది. ఆమెకు కంటిచూపు తగ్గింది, మాట తగ్గలేదు.

"మీ యమ్మా నేనూ కుప్పం పక్కన రాళ్ళ క్వారీలో పనికి పోతిమి. ఆడ సిద్దప్పని రాళ్ళు కొట్టేవాడు ఒగడుండె. దుమ్ముకు ఎప్పుడూ దగ్గతా ఉండేవాడు. ఆయప్పే మీ నాయన."

"ఇప్పుడు యాడుండాడవ్వా?"

"రాయి దొర్లి సచ్చిపోయినాడంట. ఎవురో సెప్పినారు."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. పేరు దొరికిందన్న సంతోషంలో తిరుగు బస్సులో ఏడ్చాను కూడా.

అమావాస్య నాడు సెలవు పెట్టాను. కిటికీ లేని వెనక గదిలో రెండు అరిటాకులు వేశాను. ఒకటి గది మూలన అమ్మకు, ఒకటి తలుపు పక్కన నాయనకు. సంగటి, కోడి పులుసు, వడలు వడ్డించాను. అమ్మ ఆకు దగ్గర చీర పెట్టాను. నాయన ఆకు దగ్గర చెంబుతో నీళ్ళు, బీడీకట్ట, కొత్త పంచ. కొత్త బట్ట గనక పంచ అంచుకు బొటనవేలితో పసుపు అద్దాను. చిన్నప్పుడు కత్తిపీటకు తెగిన మచ్చ ఉంది నా వేలికి. పసుపు ముద్రలో ఆ మచ్చ కూడా అడ్డగీతలా పడింది.

సాంబ్రాణి వేసి, "నాయనా సిద్దప్పా, రా. తిను" అని పిలిచాను. ఒక మనిషిని నాయనా అని పిలవడం నా బతుకులో అదే మొదలు.

పెద్దలు తినేటప్పుడు చూడకూడదు. బయటికి వచ్చి, తలుపుకు గడియ పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

మిట్టమధ్యాహ్నం. వీధిలో అలికిడి లేదు. తలుపు సందులోంచి సాంబ్రాణి వాసన వస్తోంది. కాసేపటికి ఆ వాసన మారింది. ఎండకు కాలిన బండ మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన...

తర్వాత దగ్గు వినబడింది.

పొడి దగ్గు. రొమ్ములో కంకర కదులుతున్నట్టు... పక్కింట్లో ఎవరో అనుకున్నాను. పక్కిల్లు ఆరు నెలలుగా ఖాళీ.

ఫోన్ మోగింది.

"అక్కా, నేను ముద్దుకృష్ణ, కుప్పం నుంచి. నీ మెసేజి ఈ పొద్దే సూసినా. మీ యమ్మ పేరు సెప్తానే నాయన ఏడ్సేసినాడు."

"ఏ నాయన?"

"మన నాయనే క్కా. సిద్దప్ప. నా పక్కనే కూసోనుండాడు."

"రాయి దొర్లి..."

"ఆ పొయ్యింది మా సిన్నాయన. ఉండు, నాయనకు ఇస్తాండా."

ఫోన్లో ఆయాసం. ఆ తర్వాత ఒక ముసలి గొంతు.

"అమ్మా... యాడుండావు మ్మా?"

నలభై ఒక్క ఏళ్ళు నేను ఎదురుచూసిన గొంతు.

"మదనపల్లెలో, నాయనా."

ఆయన దగ్గాడు. తలుపు వెనక కూడా అదే దగ్గు. ఒకేసారి... మళ్ళీ ఒకేసారి.

"అమ్మా..." గుసగుసలాడాడు. "నా నోట్లో ఇదేంది... సంగటి..."

"ఉమ్మెయ్ నాయనా! తినొద్దు!"

ఫోన్లో దగ్గు ఆగిపోయింది. ముద్దుకృష్ణ "నాయనా, నాయనా" అని అరుస్తున్నాడు.

తలుపు వెనక దగ్గు ఆగలేదు.

గడియ తీసే ధైర్యం లేకపోయింది. అట్లాగే లేచి బస్టాండుకు పరుగెత్తాను. కుప్పం చేరేసరికి పొద్దు గూకుతోంది. నాయనను వసారాలో చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టి ఉన్నారు. మొదటిసారి ఆ ముఖం చూశాను. నా గడ్డమే, నా నుదురే. పాదాలు పట్టుకుని ఏడ్చాను. అక్కడెవరికీ నేను ఏం చేశానో చెప్పలేదు, చెప్పలేను.

ముద్దుకృష్ణ నా చెవి దగ్గరికి వంగాడు.

"అక్కా... నీతో మాట్లాడినప్పుడు నాయన లుంగీలో ఉండె. ఈ పంచ యాడిదో మాకు తెలీదు."

కొత్త పంచ. అంచున పసుపు. పసుపులో అడ్డగీత.

మూడో రోజు మదనపల్లెకు తిరిగొచ్చాను. గడియ నేను వేసింది వేసినట్టే ఉంది. పిలిస్తే వస్తారని చెప్పింది గాని, ఎలా పంపించాలో అమ్మ చెప్పలేదు. నాయన ఒక్కసారైనా మా ఇంటికి రావాలని కోరుకున్నాను. వచ్చాడు.

ఆ పీట మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇప్పుడే లోపల, తలుపు పక్కనే, చెంబు నేలమీద పెట్టిన చప్పుడైంది. ఆ వెంటనే ఆకును ఎవరో నేల మీద తనవైపు లాక్కుంటున్న చప్పుడు... నాయన ఆకు తలుపు పక్కనే వేశాను. ఆకు చప్పుడు మాత్రం గది మూల నుంచి వస్తోంది, అమ్మకు ఆకు వేసిన చోటు నుంచి.