పసుపు రంగు టైర్లు

"ఎవడ్రా నా టైర్లు ఎత్తుకెళ్లింది?"

షాపు షట్టర్ తీయగానే నేను పెట్టిన కేక అది. పంక్చర్లు వేయమని ఓ వ్యాను డ్రైవరు రాత్రి షాపు బయట వదిలివెళ్లిన టైర్లు మాయం. మధ్యాహ్నానికి వస్తానన్నాడు మహానుభావుడు!

సందు మలుపు తిరిగితే కనిపించాయి. నా షాపు పక్కగోడ వెంట, ఒంటినిండా పసుపు పెయింటుతో, పొట్టనిండా మట్టితో, బంతిమొక్కలతో. బ్రష్షు పట్టుకుని కాలనీ ప్రెసిడెంటుగారి అమ్మాయి.

"ఏవండీ, అవి కస్టమర్ టైర్లు!"

"అయ్యో... పాతవి కదా, పారేస్తారనుకున్నా."

"మీ నాన్నగారూ పాతవారే. పారేస్తారా?"

నోరు జారింది. ఆమె మొహం ఎర్రబడింది.

"మీకోసం తెల్లారకుండా లేచి చాకిరీ చేశాను చూడండీ, నాకు బుద్ధి లేదు!" అని బ్రష్షు విసిరేసి వెళ్లిపోయింది.

నాకోసమా?

ఇంక చేతులాడితే ఒట్టు. సాయంత్రం అందాల వీధి పోటీకి జడ్జీలొస్తున్నారు. గ్రీజు మరకల షాపు వీధికి మచ్చట, గోడ తీరు మారకపోతే ఖాళీ చేయమని ప్రెసిడెంటుగారు తేల్చేశారు. షాపు పోతే ఇంకోచోట పెట్టుకుంటాను. కానీ రోజూ స్కూటీకి గాలి కొట్టించుకోవడానికి ఆమె అక్కడిదాకా వస్తుందా? నిజం చెప్పాలంటే ఆ బండికి గాలి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. నేనే ఏనాడూ చెప్పలేదు.

కూర్చోలేను, నిలబడలేను. వెనకాల పడున్న తుక్కు టైర్లు బయటికి లాగాను. ఇంతలో వాన. తడుస్తూ మొక్కలు వాటిలోకి మారుస్తుంటే, పక్కన ఇంకో రెండు చేతులు మట్టిలో దిగాయి.

"ఇన్ని టైర్లున్నాయా? అడిగితే ఇచ్చేవారా?"

"అడిగి చూడాల్సింది. టైర్లేం ఖర్మ, షాపే ఇచ్చేవాణ్ణి."

"చాల్లెండి, ముందు ఆ మొక్క తిన్నగా పెట్టండి" అంది, తల ఎత్తకుండా.

పెట్రోలు గుడ్డతో తుడిచినా డ్రైవరు టైర్లకు పసుపు చారలు మిగిలాయి. తిట్టుకుంటూనే తీసుకెళ్లాడు. వాన వెలిశాక తుక్కు టైర్లకూ రంగు పడింది.

సాయంత్రం ప్రెసిడెంటుగారి వెంట జడ్జీలొచ్చారు. షాపు ముందు ఆగారు.

"ఈ షాపు ఎవరిదండీ?"

ప్రెసిడెంటుగారు బంతిమొక్కల వంక చూశారు. పసుపు అంటిన నా చేతులు చూశారు. అంతకంటే ఎక్కువ పసుపు అంటిన కూతురి చేతులు చూశారు.

"మాదేనండీ. మా వీధిదే" అన్నారు, కాస్త గొంతు పెంచి.

బహుమతి పక్కవీధికి పోయింది. నాకేం బాధలేదు. జడ్జీలు వెళ్లాక ఆయన నా దగ్గరికొచ్చారు.

"ఖాళీ చేయక్కర్లేదులే. కానీ బాబూ, మా అమ్మాయి బండికి రోజూ గాలెందుకయ్యా?"

"తక్కువుంటోందండీ!" అన్నాను నేను.

"తక్కువుంటోంది నాన్నా!" అంది ఆమె, అదే క్షణంలో.

ఆయన వంగి, పక్కనే ఉన్న స్కూటీ టైరు నొక్కి చూశారు. రాయిలా ఉంది.

"రేపు ఇంటికి రా" అన్నారు నవ్వాపుకుంటూ. "మీ పెద్దవాళ్లనీ తీసుకురా."