సిక్ రూమ్‌లో ఇత్తడి ఫలకం

కుర్చీ చూపించినా నర్సు కూర్చోలేదు. చేతిసంచి తెరిచి డిటెక్టివ్ బల్ల మీద బోర్లించింది. దువ్వెన, కళ్ళజోడు పెట్టె, థర్మామీటరు, బ్యాండేజీ చుట్టలు, ఒక చిన్న స్క్రూడ్రైవరు బయటపడ్డాయి.

"నిన్న స్కూలు భోజనాల హాల్లో ఇలాగే బోర్లించారు సార్. మూడొందల మంది ఆడపిల్లల ముందు దొంగ అన్నారు. వాళ్ళ జ్వరాలు చూసిన చెయ్యి ఇది. మళ్ళీ ఆ పిల్లల ముందే నేను దొంగని కాదని చెప్పించండి. నాకింకేమీ అక్కర్లేదు."

ఆ డిటెక్టివ్‌కి ముక్కు మీద కోపమని పేరు. అతని అసిస్టెంటు అమ్మాయికి మాత్రం ఆ కోపం మీద గొప్ప గురి. కోపం వచ్చినప్పుడే ఆయన కళ్ళు బాగా పనిచేస్తాయని ఆమె నమ్మకం. ఆమె వస్తువులన్నీ ఏరి సంచిలో సర్దుతుంటే, డిటెక్టివ్ స్క్రూడ్రైవరు అందుకుని చదునుగా ఉన్న దాని మొన చూశాడు.

"ఇదెందుకమ్మా?"

"మందుల బీరువా పిడి ఊడిపోతుంటుంది. బాగు చేయించమని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. నేనే బిగించుకుంటున్నాను. ఇది కనబడగానే ఇంకేం, దొంగ దొరికిందన్నారు."

సంగతి ఇది. ఆవిడ పనిచేసేది డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే రెసిడెన్షియల్ స్కూల్లో. అక్కడ చదువుతూ జ్వరంతో చనిపోయిన తన కూతురి పేరు మీద ఒక కాంట్రాక్టరు సిక్ రూమ్ కట్టించాడు. కూతురి పేరు చెక్కిన ఇత్తడి ఫలకం నిన్న ఆ గదిలోంచి మాయమైంది. రేపు ఆయన వస్తున్నాడు. కొత్త హాస్టలుకి భారీ విరాళం ఇస్తానని మాట ఇవ్వబోతున్నాడు. ఆ మాట కోసం స్కూలు విరాళాల డైరెక్టరు ఏడాదిగా ఆయన చుట్టూ తిరుగుతోంది.

"అది పోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"బజార్లో. మందులు తెమ్మని డైరెక్టర్ మేడమే పంపారు. బోర్డు పట్టుకెళ్ళి అమ్మేసుకొచ్చానట. పెద్దవాళ్ళెవరొచ్చినా నన్ను బజారుకి తోలేస్తారు సార్. నా మొహం చూపించుకునేలా లేదు కాబోలు."

"మరి మంచాల మీదున్న పిల్లలు?"

"వాళ్ళనీ పైకి హాస్టల్లోకి పంపేస్తారు. వచ్చినవాళ్ళకి గది శుభ్రంగా కనిపించాలిగా."

"జ్వరమొచ్చిన పిల్లల్ని మెట్లెక్కిస్తారా?" అన్నాడు డిటెక్టివ్. అతని మొహం కందగడ్డలా అయింది. సమాధానం కోసం ఆగకుండా చెప్పులు తొడుక్కున్నాడు.

సిక్ రూమ్‌లో కిటికీకీ, మూల విరిగిన స్విచ్‌బోర్డుకీ మధ్య గోడ మీద నాలుగు కన్నాలున్నాయి. కిటికీ గట్టు మీద ఒక స్క్రూ పడి ఉంది. దాని తల మీద గాడి ఉన్నది స్టార్ ఆకారంలో. డిటెక్టివ్ ఒక కన్నంలో గుండుసూది పెట్టి కెలికితే అగ్గిపుల్ల ముక్కలు రాలాయి. మిగతా మూడింట్లోనూ అంతే. ప్రిన్సిపాలు గడియారం చూసుకుంటున్నాడు. విరాళాల డైరెక్టరు మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు. మెత్తని మాటలతో మనసులు కరిగించడం ఆవిడ వృత్తి.

"నిన్న ఎవరొచ్చారు మేడమ్?"

"ఎవరూ రాలేదండీ."

"మరి పిల్లల్ని పైకెందుకు పంపారు?"

"గది కడిగించడానికి."

మూల మంచం మీద దుప్పటి కప్పుకున్న పిల్లని డిటెక్టివ్ పలకరించాడు. బోర్డు లేదని మొదట చూసింది ఆ పిల్లే.

"పైన చలేసింది అంకుల్. దుప్పటి కోసం కిందికొచ్చాను. గోడ మీద అక్క పేరు లేదు. భయమేసి అరిచేశాను. వార్డెన్ ఆంటీ వాళ్ళందరూ వచ్చేశారు."

"నువ్వు అరిచినప్పుడు ఇక్కడెవరున్నారమ్మా?"

"డైరెక్టర్ మేడమ్. గుమ్మం దగ్గర. అప్పుడే వస్తున్నానన్నారు."

తర్వాత డైరెక్టరు గదికి వెళ్ళారు. అక్కడ దాతలకు పంపే ఫొటో ఫ్రేములు వరసగా ఉన్నాయి. అసిస్టెంటు వాటిలో ఒకదాని ముందు ఆగిపోయింది. పేపర్లలో తరచూ కనిపించే ఒక మిల్లు యజమానురాలు గోడ పక్కన నిలబడి నవ్వుతోంది. ఆవిడ భుజం దగ్గర ఒక ఇత్తడి ఫలకం, దాని పక్కన మూల విరిగిన స్విచ్‌బోర్డు. అసిస్టెంటు డిటెక్టివ్ చొక్కా చెయ్యి లాగింది. అతను ఫొటో పరీక్షగా చూశాడు. బయటికొచ్చాక, "నాకంటే ముందు చూశావు. శభాష్," అన్నాడు. ఆ పూటంతా ఆ అమ్మాయి కాళ్ళు నేల మీద లేవు. డిటెక్టివ్ మిల్లుకు ఫోను చేశాడు.

మర్నాడు కాంట్రాక్టరు వచ్చే వేళకి అందరూ సిక్ రూమ్‌లో ఉన్నారు. పిలవకుండా వచ్చిన మిల్లు యజమానురాలిని చూడగానే డైరెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయ్యో, నా బోర్డేదీ?" అంది మిల్లు యజమానురాలు గోడ చూసి. "మొన్ననే కదా దీని పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఈ గది కట్టించింది నేనే కదా."

కాంట్రాక్టరు ఆవిడ వంక వింతగా చూశాడు. "పొరబడ్డారమ్మా. ఈ గది మా అమ్మాయిది."

"ఇద్దరూ పొరబడలేదు," అన్నాడు డిటెక్టివ్. "ఒకే గదిని ఇద్దరికి అంటగట్టారు. ఒకసారి బిగించి వదిలేసిన బోర్డుకి అగ్గిపుల్లలతో పనిలేదు. పదేపదే విప్పి బిగిస్తే కన్నాలు వదులై స్క్రూ నిలవదు. అందుకే పుల్లలు కుక్కారు. ఈవిడ వస్తున్నారంటే మీ అమ్మాయి బోర్డు దింపి ఈవిడ బోర్డు. వెళ్ళగానే మళ్ళీ అది. ఎవరూ చూడకుండా నర్సుని బజారుకి, పిల్లల్ని పైకి. స్టార్ స్క్రూని నర్సు దగ్గరున్న చదును స్క్రూడ్రైవరు కదిలించను కూడా కదిలించలేదు. మొన్న మిల్లు ఆవిడ వెళ్ళాక ఆవిడ బోర్డు విప్పి, మీ అమ్మాయిది బిగించేలోపు చలికి వణుకుతూ ఈ పిల్ల దిగింది. అరిచింది. జనం పోగయ్యారు. ఇక దాచిన బోర్డు ఎలా బయటపెడతారు? దొంగతనం అనేశారు. దొంగ కావాలిగా. నోరులేనిదని నర్సుని పట్టుకుని మూడొందల మంది పిల్లల ముందు దొంగ అన్నారు. ఆ పిల్లల ముందే కాదని చెప్పమంటోంది." అతని గొంతు లేచింది. "బోర్డు ఎక్కడ దాచారు మేడమ్?"

"నా బీరువాలో," అంది డైరెక్టరు. "నేనేమైనా నా ఇంటికి పట్టుకెళ్ళానా? స్కూలు కోసమే కదా చేశాను."

"జరిగిందేదో జరిగింది," అన్నాడు ప్రిన్సిపాలు. "లోపల్లోపల సర్దుకుందాం. బోర్డు ఇప్పుడే పెట్టిస్తాను సార్."

"పెట్టొద్దు," అన్నాడు కాంట్రాక్టరు. "నా బిడ్డ పోయింది జ్వరంతోనయ్యా. జ్వరమొచ్చిన పిల్లల్ని మంచం దింపి మెట్లెక్కించే గది మీద దాని పేరుంటే నేను బతికుండి ఏం లాభం? కొత్త హాస్టలు సంగతి ఇక నా దగ్గర ఎత్తకండి. ముందు ఈ నర్సమ్మ అడిగింది చెయ్యండి."

నర్సు అప్పటికే భోజనాల హాలు వైపు నడుస్తోంది.

పిల్లలు కంచాల ముందున్నారు. డైరెక్టరు వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. "మొన్న ఒక చిన్న పొరపాటు జరిగింది," అంది తన మెత్తని గొంతుతో.

"పొరపాటు అనలేదు నన్ను. దొంగ అన్నారు," అంది నర్సు. "ఆ మాటే ఎత్తి కాదని చెప్పండి."

డైరెక్టరు ప్రిన్సిపాలు వైపు చూసింది. ఆయన తల తిప్పుకున్నాడు.

"నర్సు దొంగ కాదు," అంది చివరికి. "బోర్డు తీసింది నేను."

నర్సు మొహం తుడుచుకుని పిల్లల వైపు తిరిగింది. "ఒళ్ళు వెచ్చగా ఉండి మొన్నట్నుంచీ చెప్పుకోలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అక్కడో చెయ్యి, ఇక్కడో చెయ్యి లేచింది. ఆవిడ వాళ్ళని వెంటబెట్టుకుని సిక్ రూమ్ వైపు నడిచింది. ఉద్యోగం ఉందో ఊడిందో ఎవరినీ అడగలేదు. ప్రిన్సిపాలు ఏదో అనబోయాడు గానీ, డిటెక్టివ్ మొహం చూసి నోరు మూసుకున్నాడు.