వెనక్కి పంపిన తైలం

నియెవెస్ మొక్కజొన్న రొట్టెలు కాలుస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. గడప అవతల ఫాదర్ ఎలాదియో, చేతిలో చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు రాసే పవిత్ర తైలం ఉన్న చిన్న వెండి డబ్బీ. మంచాన పడ్డ ఆమె తల్లి ఎదువిహెస్ కోసం వచ్చాడాయన.

"అమ్మ నిద్రపోతోంది ఫాదర్. ఇంకెప్పుడైనా రండి," అంది నియెవెస్, తలుపు పూర్తిగా తియ్యకుండానే.

అదే సమయానికి లోపల తల్లి దగ్గింది. ఆయన తల పంకించి వెళ్లిపోయాడు. నియెవెస్ తలుపు గడియ పెట్టేసింది.

మధ్యాహ్నం చేపల పడవ దిగి వచ్చిన తమ్ముడు ఫెర్మీన్ గుమ్మంలోనే అరిచాడు.

"ఫాదర్‌ని రమ్మంది నేనక్కా! తరిమేశావట?"

"ఆ నూనె రాస్తే మనిషి దక్కడురా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? నాన్నకని ఫాదర్‌ని పిలుచుకొచ్చింది నేనేగా! నుదుట నూనె రాశారు, దీపాలు పెట్టేలోగా నాన్న పోయాడు. చావును నేనే ఇంటికి తోలుకొచ్చాను. ఇప్పుడు అమ్మను కూడా చంపుకోమంటావా?"

ఇన్నేళ్లుగా అక్క చర్చిలో చివరి బల్ల దాటి ముందుకు ఎందుకు రాదో ఫెర్మీన్‌కు అప్పుడు తెలిసింది.

"ఇలా రావే," లోపలినుంచి తల్లి పిలిచింది.

నియెవెస్ వెళ్లి మంచం పక్కన కూలబడింది.

"పొద్దున నువ్వాడిన అబద్ధమూ విన్నాను, ఇదీ విన్నాను. ఆ రోజు నూనె రాశాక మీ నాన్న కళ్లు తెరిచాడే. ఫాదర్‌ని ఎవరు తెచ్చారన్నాడు. నీ పేరు చెప్పాను. 'నా బంగారుతల్లి' అన్నాడు. అప్పటిదాకా భయంతో నా చెయ్యి వదలని మనిషి, అప్పుడు వదిలి హాయిగా కళ్లు మూసుకున్నాడు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వింత బరువు మోస్తున్నావని నాకేం తెలుసు? ఆయన మాటెత్తితే పొయ్యి దగ్గరికి పారిపోయేదానివి." తల్లి గొంతు సన్నబడింది. "నాకూ భయంగానే ఉందే. వెళ్లి ఫాదర్‌ని తీసుకురా. నువ్వే వెళ్లు."

నియెవెస్ చెప్పులైనా తొడుక్కోకుండా చర్చికి పరుగెత్తింది.

"అబద్ధమాడాను ఫాదర్. అమ్మ మెలకువగానే ఉంది."

"తెలుసమ్మా, పద," అన్నాడాయన, డబ్బీ అందుకుంటూ.

తల్లి నుదుటికీ అరచేతులకూ ఆయన తైలం రాశాడు. ప్రార్థన ముగిశాక ఎదువిహెస్ ఆ తడి చేతులతోనే కూతురి ముఖం పట్టుకుంది.

"చూశావా, పోలేదు. కానీ ఎప్పుడు పోయినా అది నీ మీద వేసుకోకు. వింటున్నావా?"

వింటున్నానన్నట్టు తలూపి, నియెవెస్ ఆ అరచేతుల్లోనే భోరుమంది.