సెలస్తీన్ కపాలం

అసుర సంధ్య... అమెరికాలోని లూసియానా చెరకు తోటల మీద కారుమేఘాలు ఉరుముతున్నాయి. సాంత్ మార్గరీత్ శ్మశానం మాత్రం జనంతో నిండుగా ఉంది. ఎప్పుడో ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న చిన్న ఊరది. ఏటా నవంబరు మొదటి రోజున ఊరంతా కదిలొచ్చి, తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు.

క్లినిక్‌లో నర్సుగా పనిచేసే షారన్, పక్కింటి ముసలావిడ మిస్ ఓడీల్‌కి సాయంగా సున్నం బకెట్ మోస్తోంది. ఆమె భర్త దేవకుమార్ బ్రష్‌లు పట్టుకొని వెనకాలే వస్తున్నాడు.

ఓడీల్ ముత్తవ్వ సెలస్తీన్ సమాధి దగ్గర ముగ్గురూ నిలబడిపోయారు. పైపలక పగిలి ఉంది. లోపల ఎముకలు చెల్లాచెదురుగా... కపాలం లేదు.

"ప్రార్థన చేసి ఊరందరి రోగాలూ తీసిన మనిషి. ఆవిడ తలతో ఎవరికేం పని?" అంది ఓడీల్, పగిలిన పలకను తడుముతూ.

అదే క్షణంలో, గోడకవతల పాడుబడ్డ చక్కెర మిల్లులో, జితేందర్ ఆ కపాలం మీద నల్లకోడి మెడ కోశాడు. జాతకాలు చెబుతానంటూ ఈ మధ్యే ఊళ్ళో దిగిన క్షుద్రోపాసకుడు వాడు. రోగాలు తీసిన ఆ మహాశక్తిని తన దాసిగా చేసుకోవాలని వాడి పంతం. ఆ శక్తి నిలవడానికి ఒక సజీవ దేహం కావాలి... జ్వరమంటూ క్లినిక్‌కి వెళ్ళి షారన్ కోటు మీంచి తీసిన వెంట్రుక, రక్తసిక్తమైన కంటిగుంటలో చుట్టుకొని ఉంది.

"ఆవాహయామి... ఆవాహయామి..."

షారన్ చేతిలోంచి బకెట్ జారింది. కనుగుడ్లు తెల్లగా తిరగబడ్డాయి. ఆమె గోళ్ళు భర్త గొంతులో దిగబడి నెత్తురు చిమ్మింది. అడ్డొచ్చిన వాళ్ళను గడ్డిపరకల్లా విసిరికొట్టి, గోడ దూకి మిల్లు వైపు పరిగెత్తింది. ఆమె వెంటే దేవకుమార్, అతని వెనక కొవ్వొత్తులతో జనం...

జితేందర్ ఆమె చేతిలో కత్తి పెట్టాడు. "నీ మొగుడి నెత్తురు ఈ కపాలంలో పొయ్. ఇక నువ్వు నా దానివి."

దేవకుమార్ దూసుకొచ్చి ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. కత్తి అతని భుజంలో పిడిదాకా దిగింది. అతను ఆమెను వదల్లేదు. "షారన్... నేనే. నన్ను చూడు."

ఓడీల్ ముందుకొచ్చి కపాలం ఎదుట మోకరిల్లింది. "సెలస్తీన్, నేను నీ ఓడీల్‌ని. ఈ పిల్ల కూడా నీలాగే మా జబ్బులు చూస్తోంది. దీన్ని వదిలెయ్."

వెనకున్న జనం ఒక్కొక్కరే ఆ పేరు పలికారు. సెలస్తీన్... సెలస్తీన్...

షారన్ తల మెల్లగా మాంత్రికుడి వైపు తిరిగింది. ఆమె నోట ఒక వృద్ధురాలి గొంతు ఫ్రెంచిలో పలికింది. జితేందర్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు. మంత్రం అందుకోబోయాడు... నాలుక నల్లబడి వాచిపోయింది.

బతికుండగా సెలస్తీన్ ఎందరి ఒంట్లోంచో తీసేసిన వ్యాధులన్నీ ఒక్కసారిగా వాడి మీద పడ్డాయి. ముఖమంతా మశూచి పొక్కులు లేచి చిట్లాయి. దగ్గుకి ఊపిరితిత్తుల నెత్తురు గడ్డలుగా పడింది. వేళ్ళు కుళ్ళి కణుపు కణుపుగా రాలాయి. వాడి ఆర్తనాదం ఉరుములో కలిసిపోయి... ఆగిపోయింది.

షారన్ కుప్పకూలింది. కాసేపటికి కళ్ళు తెరిచి, పక్కనే నెత్తుటి మడుగులో కూర్చున్న భర్తను చూసింది. గబగబా స్కార్ఫ్ లాగి అతని భుజానికి అదిమిపెట్టింది.

"కత్తి తియ్యకండి, ఏవండీ. కదలొద్దు... నేనున్నాను."