మూసిన మైకు

రాజయ్యను చంపి ఖాళీ బొగ్గు వ్యాగన్‌లో పడేశారు. నస్పూర్ సైడింగ్‌లో బొగ్గు నింపబోయిన కూలీలకు ముందు ఒక చెయ్యి కనిపించింది.

కరీంనగర్ ట్రావెలర్స్ బంగళాలో గూఢచారి శాఖ చీఫ్ ఆ మాట చెప్పి ఆగాడు. ఎదురుగా రాయమల్లు కూర్చున్నాడు. రాజయ్య అతనికి తోటి ఏజెంటు మాత్రమే కాదు. అక్క యాదవ్వ మొగుడు. సుల్తానాబాద్‌లో రేడియోలు బాగు చేసుకుంటూ హాయిగా ఉన్న బావను ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది కూడా రాయమల్లే.

“నువ్వు వద్దంటే ఇంకొకరిని పంపుతాను,” అన్నాడు చీఫ్.

“నేనే పోత సార్.”

“అయితే విను.”

1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. గని ప్రాంతం జనం కోసం మంచిర్యాలలో తాత్కాలికంగా ఒక బుల్లి రేడియో స్టేషన్ పెట్టారు. సాయంత్రం ఒక గంట వ్యవసాయ కబుర్లు, పాటలు, యుద్ధ వార్తలు. ఆ స్టేషన్ నుంచే విదేశీ ముఠా ఒకటి తన మనుషులకు సంకేతాలు పంపుతోందని అనుమానం. అది తేల్చడానికి రాజయ్య అక్కడ ఇంజనీరుగా చేరాడు. అతని చివరి మెసేజ్‌లో ఉన్నవి రెండే మాటలు: వంతెన, రేడియో.

“సైన్యం స్పెషల్ రైళ్లు ఉత్తరానికి వెళ్లేది మంచిర్యాల దగ్గర గోదావరి వంతెన మీదుగానే. ఇక మనుషుల సంగతి. అనౌన్సర్ పేరు ప్రమోదిని. అందగత్తె, కారు నడుపుతుంది. మీ బావ చివరిసారి కనిపించింది ఆ కారులోనే.”

రాయమల్లు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఇంకో సంగతి. ముఠాలోనే ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంటును ఒకరిని రాజయ్య సంపాదించాడు. పేరు నాకు కూడా చెప్పలేదు. కోడ్ మాత్రం ఉంది. ఆ మనిషి ‘తంగేడు పూసిందా?’ అని అడిగితే, నువ్వు ‘పూసింది, తెంపేటోళ్లే లేరు’ అనాలి.”

మరునాడు మంచిర్యాల స్టేషన్‌లో రైలు దిగినవాడు రాయమల్లు కాదు. మద్రాసు నుంచి వచ్చిన మూర్తి అనే ఇంజనీరు. మీసం తీసేశాడు. లావుపాటి కళ్లద్దాలు, చేతిలో టూల్‌బాక్స్, ఎడమ చెవిలో చెవిటి మిషన్. అసలది వినికిడి కోసం కాదు. పోలీసు వైర్‌లెస్ మాటలు ఆ చెవిలోకి నేరుగా వస్తాయి.

ప్లాట్‌ఫారం చివర తెల్లబట్ట కప్పిన రాజయ్య శవాన్ని రైలు లగేజీ పెట్టెలోకి ఎక్కిస్తున్నారు. పక్కన యాదవ్వ నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలెత్తింది. తమ్ముడి కళ్లల్లోకి సూటిగా చూసింది. మీసం లేకపోయినా, అద్దాలున్నా, తన వెంట ఆడుకుంటూ పెరిగినవాణ్ని గుర్తుపట్టకుండా ఉంటుందా? గుర్తుపట్టింది. పట్టి, ముఖం అటు తిప్పేసుకుంది. మొగుడు ఎలాంటి పనిలో పోయాడో ఆమెకు తెలుసు.

రాయమల్లు టూల్‌బాక్స్ పట్టుకుని ఆమె పక్కనుంచే నడిచి బయటికి వెళ్లాడు. బావ పాడె మొయ్యాల్సిన భుజం మీద ఆ పెట్టె మోసుకుంటూ గోదావరి ఒడ్డున ఉన్న స్టేషన్ దాకా వెళ్లాడు.

స్టేషన్ అంటే రెండు గదుల పాత బంగళా. ఒకటి స్టూడియో, రెండోది కంట్రోల్ రూమ్. మధ్యలో దళసరి అద్దం. స్టూడియో తలుపు చప్పుడు దూరకుండా మెత్త వేసిన బరువైన తలుపు. కంట్రోల్ రూమ్ బల్ల మీద బావ పనిచేసిన మిక్సర్ ఉంది. ట్రంకుపెట్టెలో సగం కూడా లేదు కాని చిన్న స్టేషన్‌కు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. రెండు మైకులకు రెండు నాబులు, గ్రామఫోనుకు ఒకటి, బయటి లైనుకు ఒకటి. ఏ నాబ్ ఎంత తిప్పితే ఆ శబ్దం అంత గాలిలోకి పోతుంది. పైన సూది ఊగే మీటర్. లోపలి మనిషితో మాట్లాడటానికి టాక్‌బ్యాక్ మీట. మైక్ స్విచ్ వేయగానే స్టూడియోలో ఎర్రదీపం వెలుగుతుంది, గదిలోని లౌడ్‌స్పీకర్ దానంతటదే మూగబోతుంది. ఆ తర్వాత లోపలివాళ్లు హెడ్‌ఫోన్‌లోనే వినాలి.

ప్రతి నాబ్ కింద ‘క్యూ’ అనే చిన్న స్విచ్ ఉంది. నాబ్ పూర్తిగా మూసి ఉన్నా క్యూ వేస్తే ఆ మైకులోని మాట హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. గాలిలోకి మాత్రం పోదు. పాట పెట్టేముందు అది సరిగ్గా ఉందో లేదో ఇంజనీరు విని చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటు.

“కొత్త ఇంజనీరు మీరేనా?”

వాకిట్లో ప్రమోదిని. నెమలికంఠం రంగు చీర, చేతిలో కారు తాళాలు. ఆమె వెనక తెల్లని షేర్వాణీలో ప్రేమ్‌సాగర్‌రావు. వ్యవసాయ సలహాదారుగా రోజూ ఆమెతో మైకు ముందు కూర్చునే పెద్దమనిషి. ఆమెకు మేనమామ. తల్లిదండ్రులు పోయిన పిల్లను ఎత్తుకుని పెంచినవాడు.

“అవునండీ, మూర్తి నా పేరు. మిక్సర్‌లో గరగర వస్తోందని పంపారండీ.”

ప్రేమ్‌సాగర్‌రావు చూపు చెవిటి మిషన్ మీద పడింది. పెద్దగా నవ్వాడు. “రేడియోకు చెవిటి ఇంజనీరా! సర్కారు తమాషా గిట్లనే ఉంటది. కానియ్యండి. ప్రోగ్రాం టైముకు నేనొస్త.”

ఆయన కారు వెళ్లిపోయింది. ప్రమోదిని స్టూడియోలోకి వెళ్లి మైకు ముందు కూర్చుంది. రాయమల్లు ఆమెను అద్దంలోంచి చూశాడు. మా బావను ఈ చేతులతోనే పిలిచి కారు ఎక్కించుకున్నావు కదా అనుకున్నాడు. నాబ్ మూసే ఉంచి, టెస్టింగ్ కోసం క్యూ వేశాడు.

హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు మెల్లగా పలికింది.

“తంగేడు పూసిందా?”

 అద్దం వెనక ఆమె తలెత్తకుండా కాగితాలు సర్దుకుంటోంది.  రాయమల్లు టాక్‌బ్యాక్ మీట నొక్కాడు. మద్రాసు యాస ఎక్కడికి పోయిందో పోయింది.

“పూసింది. తెంపేటోళ్లే లేరు.”

ప్రమోదిని కళ్లు మూసుకుంది. 

“రాజయ్య సారును కాపాడుదామనే కార్ల ఎక్కించుకున్న. కాజీపేట దాక దించొస్తనన్న. తొవ్వల మామ మనుషులు అడ్డం వచ్చిండ్రు. నన్ను మెచ్చుకున్నరు, మంచిగ పట్టిచ్చినవని. గా మెప్పు కోసమే తీసుకొచ్చిన్నని ఒప్పుకొని బతికిన. ఆయన ఒక్కసారి నా దిక్కు చూసి తల ఊపిండు. నా పేరు చెప్పలే.”

 రాయమల్లు తన పేరు చెప్పలేదు, రాజయ్య తనకేమవుతాడో చెప్పలేదు. “వంతెన సంగతి చెప్పుండ్రి,” అన్నాడు.

చెప్పింది. వంతెన స్తంభం కింద బాంబు పెట్టేశారు. ఒడ్డున ఎక్కడో చేన్లలో దాక్కున్న ఇద్దరి చేతుల్లో వైరు, స్విచ్, ఒక ట్రాన్సిస్టర్ ఉన్నాయి. ఈ సాయంత్రం సైనికుల రైలు వస్తోంది. ‘రేపు సుల్తానాబాద్ అంగట్ల వరి విత్తనం దొరకది’ అని ఆమె రేడియోలో చదివితే, ఆ వెంటనే వచ్చే రైలును పేల్చాలి.

“అయితే చదవకుండ్రి. మీ మామను ఇప్పుడే పట్టుకుంటం.”

“వద్దు! ప్రోగ్రాం ఆగినా, నా గొంతు వినబడకపోయినా పట్టుబడ్డమని లెక్క. అప్పుడు ఏ బండొస్తే గా బండి పేలుస్తరు. సైన్యం బండి వెనకనే ప్యాసింజరు వస్తది. బొగ్గుబాయి కూలీలు, ఆడోళ్లు, పిల్లలు. ఇయ్యాల మామకు నా మీద శక్ ఉన్నది. పక్కనే కూసుంటడు. జేబుల పిస్తోలుంటది.”

రాయమల్లు మిక్సర్ వంక చూశాడు.

“మీరు ఆ మాట చదువుండ్రి,” అన్నాడు మెల్లగా. “నేను మీ నాబ్ మూస్త. గాలిల పాట పోతది. మీ మామ హెడ్‌ఫోన్‌కు క్యూ ఇస్త. ఆయనకు మీ మాట వినబడతది. ఎర్రదీపం స్విచ్‌కే గాని నాబ్‌కు లేదు, వెలుగుతనే ఉంటది.”

ఆమె మొదటిసారి తలెత్తి అద్దంలోంచి అతన్ని చూసింది. “పేలకపోతే మామకు తెలుస్తది గద,” అంది.

“అంతలోపల మావోళ్లు ఆ ఇద్దరిని పడతరు. ఒడ్డు పొడుగునా వెతుకుతరు. ట్రాన్సిస్టర్ల పాట ఎక్కడ వినబడితే అక్కడికే పోతరు.”

“అంటే పాట ఆగద్దు.”

“ఆగద్దు.”

సాయంత్రం ప్రోగ్రాం మొదలైంది. బయట, రాయమల్లు పంపిన కబురు అందుకున్న ఇన్‌స్పెక్టర్ హనుమండ్లు, అతని మనుషులు చేపల వలలు భుజాన వేసుకుని బెస్తవాళ్ల వేషంలో ఒడ్డు వెంట నడుస్తున్నారు. లోపల ప్రమోదిని హాయిగా, నవ్వుతున్న గొంతుతో ధరలు చదువుతోంది. ప్రేమ్‌సాగర్‌రావు పత్తి పురుగుల గురించి రెండు ముక్కలు చెప్పి హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. కుడిచెయ్యి షేర్వాణీ జేబులో ఉంది.

“ఇప్పుడు ఒక జానపద గీతం వినండి. దానికి ముందు ఒక మాట...”

రాయమల్లు పాట నాబ్ పైకి తిప్పాడు. మైకు నాబ్‌లు రెండూ తిప్పి మూసేశాడు. క్యూ వేశాడు.

“రేపు సుల్తానాబాద్ అంగట్ల వరి విత్తనం దొరకది.”

ఆ మాట ప్రపంచంలో ముగ్గురు మాత్రమే విన్నారు. ప్రేమ్‌సాగర్‌రావు తల పంకించి, మేనకోడలి భుజం తట్టాడు.

కాసేపటికి బంగళా నేల సన్నగా అదిరింది. మిక్సర్ మీద పెట్టిన స్క్రూడ్రైవర్ దొర్లింది. సైన్యం రైలు వంతెన ఎక్కింది. పెట్టె వెంట పెట్టె, అదురు సాగుతూనే ఉంది. చివరికి సన్నగిల్లి ఆగిపోయింది. రైలు దాటిపోయింది.

ప్రేమ్‌సాగర్‌రావు ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

రాయమల్లు ఎడమ చెవిలో హనుమండ్లు గొంతు రొప్పుతోంది. “మక్కచేన్ల పాట వినబడుతుంది సార్! దగ్గరికొచ్చినం! జర సేపు పాట ఆపకుండ్రి! ప్యాసింజరు అవుటర్ సిగ్నల్ దగ్గరున్నది!”

గ్రామఫోను మీద పాట చివరి చరణంలోకి వచ్చింది.

“నీ మాట బయటికి పోలేదు,” ప్రేమ్‌సాగర్‌రావు అంటున్నాడు. “ఏం చేసినవే నువ్వు?”

“పంపలే మామా.”

“నిన్ను ఈ చేతుల మీద పెంచిన్నే, బిడ్డా.”

“తెలుసు. అందుకే నీతోని ఇన్ని ప్రాణాలు తీయించద్దనుకున్న.”

పిస్తోలు బయటికి వచ్చింది. రాయమల్లు కుర్చీలోంచి సగం లేచాడు. పాట అయిపోతోంది. తలుపు దాకా వెళితే గాలిలో నిశ్శబ్దం. నిశ్శబ్దమైతే ప్యాసింజరు రైలు. అద్దం వెనక ప్రమోదిని అతని వైపే చూస్తూ తల అడ్డంగా ఊపింది. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పింది. అదే రికార్డు మళ్లీ వేయమని.

అతను కూర్చున్నాడు. సూది ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టాడు.

పాట మొదలవుతుండగా హెడ్‌ఫోన్‌లో తుపాకీ పేలింది. మీటర్ మీది సూది పాట తాళానికి మాత్రమే ఊగింది. ఊళ్లో రేడియోల ముందు కూర్చున్నవాళ్లెవరికీ ఆ చప్పుడు తెలియలేదు.

“దొరికిండ్రు సార్! ఇద్దరూ దొరికిండ్రు! వైరు కోసేసినం!”

రాయమల్లు బరువు తలుపును భుజంతో గుద్ది లోపలికి దూకాడు. ప్రేమ్‌సాగర్‌రావు ఎదురు తిరగలేదు. పిస్తోలు కాళ్ల దగ్గర పడి ఉంది. మేనకోడలి కాలినుంచి జారిన చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాయమల్లు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టేసి, నేల మీద నెత్తుటిలో పడి ఉన్న ప్రమోదిని పక్కన కూర్చున్నాడు.

“బండి?” అంది ప్రమోదిని.

“ఒకటి పోయింది. ఇంకొకటి పోతున్నది.”

నేల మళ్లీ సన్నగా అదరసాగింది. ఆమె ఆ అదురును అరచేత్తో తడిమి చూసుకుంది.

“మైకు బందే ఉన్నదా?”

“బందే ఉన్నది తల్లీ.”

“మంచిగయింది. వినేటోళ్లు పరేషాన్ అవుతరు.”

ప్యాసింజరు రైలు వంతెన దాటేలోపు ఆమె ఊపిరి ఆగిపోయింది.

ముఠాలో మిగిలినవాళ్లు ఇంకా దొరకలేదు. వాళ్లు దొరికేదాకా ప్రమోదిని మనవైపు మనిషని ఎవరికీ తెలియకూడదని చీఫ్ ఆర్డర్. మేనమామతో కలిసి దేశానికి ద్రోహం చేసిందని, వాటాల దగ్గర తగాదా వచ్చి ఆయన చేతిలోనే చచ్చిందని జనం చెప్పుకున్నారు. ఎవరూ కాదనలేదు.

రాయమల్లు సుల్తానాబాద్ వెళ్లేసరికి బావ దినాలు అయిపోయాయి. యాదవ్వ చాప మీద కూర్చుని ఉంది. తమ్ముణ్ని చూసి చాలాసేపు ఏడ్చింది.

“సంపినోడు దొరికిండా తమ్మీ?”

“దొరికిండే అక్కా.”

“గా రేడియో పిల్ల గూడ చచ్చిందట గద. మంచిగయింది. నా బొట్టు తుడిచిన ముం—”

“గామెను తిట్టకే అక్కా.”

యాదవ్వ తమ్ముడి ముఖంలోకి చూసింది. ప్లాట్‌ఫారం మీద చూసినట్టే సూటిగా చూసింది.  లేచి లోపలికి వెళ్లి అతనికి అన్నం పెట్టింది.

వారం తిరక్కముందే స్టేషన్‌కు కొత్త అనౌన్సర్ వచ్చింది. మిక్సర్ మీద కొత్త ఇంజనీరు కూర్చున్నాడు. ఆ సాయంత్రపు ప్రసారం గురించి శ్రోతల దగ్గర్నుంచి వచ్చిన ఫిర్యాదు ఒక్కటే అని చీఫ్ ఫోన్‌లో చెప్పాడు: ఒకే పాట వెంటవెంటనే రెండుసార్లు వేశారట, ఇంజనీరు నిద్రపోతున్నాడా అని అడిగారట.